నాన్నకు ఎడమ పక్క

డాక్టరమ్మగారు పోయారని వాళ్ళ తమ్ముడి కూతురు ఫోన్ చేసి చెప్పింది. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే పోయారట. పదకొండో రోజున తెనాలి వెళ్ళి, భోజనం చేసి, వచ్చినవాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడి, మధ్యాహ్నం రేపల్లెకు తిరుగు ప్రయాణమయ్యాను. అద్దె కారు. వేమూరు చేరకముందే వాన అందుకుంది. కారు నడిపే అబ్బాయి ఒక చేత్తో స్టీరింగు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. "కారు పక్కకి ఆపు బాబూ" అన్నాను. "ఏంటండి, కళ్ళు తిరుగుతున్నాయా అమ్మమ్మగారూ?" అన్నాడు. "లేదు, నీ మాటలు అయ్యాక పోదాం" అన్నాను. అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. కాసేపు పోయాక అద్దంలోంచి నన్ను చూసి, "మీకు డ్రైవింగు వచ్చాండి?" అని అడిగాడు. వచ్చన్నాను. ఎవరు నేర్పారని అతను అడగలేదు, నేను చెప్పలేదు. ఇంటికొచ్చాక రెండు రోజులు నాకు అదే ఆలోచన. డాక్టరమ్మగారి కోసం ఏడుపు రాలేదు. ఆ రోజుల్లోనూ అంతే. ఏడవాల్సిన చోట నాకు ఏడుపు వచ్చేది కాదు.

మా నాన్న వెంకట్రావు డాక్టరమ్మగారి కారు డ్రైవరు. తెనాలిలో ఆవిడ ఆసుపత్రి పెట్టిన ఏడాదే కొన్న బూడిదరంగు అంబాసిడర్ అది. నేను ఎస్సెల్సీ అయ్యాక అదే ఆసుపత్రిలో చీట్లు రాయడానికి కుదిరాను. ఆవిడ కాన్పులకి ఊళ్ళ మీదికి వెళ్ళేటప్పుడు సంచీ పట్టుకుని వెంట వెళ్ళేదాన్ని. గురువారం రేపల్లెలో రోగుల్ని చూసేవారు. ఆదివారం బాపట్లలో వాళ్ళమ్మగారి దగ్గరికి. మిగతా రోజులు ఎవరింటి నుంచి కబురొస్తే అక్కడికి. ఆవిడ వెనక సీట్లో, నేను ముందు సీట్లో నాన్నకు ఎడమ పక్క. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు.

నాన్న దగ్గర ఎప్పుడూ మూడు వాసనలు కలిసి ఉండేవి: కిరసనాయిలు, గంజి పెట్టిన ఖాకీ చొక్కా, పొగాకు. పొగాకు ఆయన తాగడానికి కాదు. వానాకాలం రాగానే ఒక కాడ తెచ్చి కారు డాష్‌బోర్డు అరలో పెట్టేవాడు. వైపర్లు మొరాయించినప్పుడు దాన్ని తడిపి అద్దం మీద రుద్దితే నీళ్ళు చుక్కలుగా నిలవకుండా జారిపోయేవి. పొద్దున్నే బండి కింద పాత గోనెసంచి పరుచుకుని పడుకుని, ఎక్కడన్నా నూనె కారుతోందేమో చూసేవాడు. టైర్లు ఒక్కొక్కటీ అరచేత్తో తడిమేవాడు. అమ్మ ఇచ్చిన కాఫీ ఆ పనంతా అయ్యేదాకా గట్టు మీద చల్లారుతూ ఉండేది. చల్లారిన కాఫీయే ఆయనకి ఇష్టమనుకునేదాన్ని చిన్నప్పుడు. ఇరవై ఏళ్ళలో ఒక కోడిని కూడా తొక్కలేదని డాక్టరమ్మగారు వచ్చినవాళ్ళకల్లా చెప్పేవారు. దారిలో ఊళ్ళవాళ్ళకి కూడా ఆ కారు తెలుసు. గేదెల మంద అడ్డొస్తే హారను కొట్టడు, ఇంజను కట్టేసి కూర్చుంటాడని చెప్పుకునేవారు.

ఆ ఏడు ఎండాకాలంలో మొదటిసారి గమనించాను. అన్నం తింటూ ఎడమ పక్కనున్న మంచినీళ్ళ గ్లాసుకి మోచెయ్యి తగిలించి పడేశాడు. మర్నాడు మళ్ళీ. మూడో రోజు నుంచి అమ్మ గ్లాసుని కంచానికి ఎదురుగా పెట్టడం మొదలుపెట్టింది. గుమ్మం పక్కనుండే పీట తీసి వంటింట్లో పెట్టింది. తడిబట్టలారేసే తీగ కొంచెం పైకి కట్టించింది. కార్లో కూడా తేడా తెలుస్తూనే ఉంది. నాన్న తలంతా తిప్పి ఎడమవైపు చూసేవాడు, అదీ ఆగి ఆగి. ముప్ఫైలో పోయే చోట ఇరవైలో పోయేవాడు. డాక్టరమ్మగారు మెచ్చుకునేవారు. "చూడు భారతీ, వయసు పెరిగేకొద్దీ మీ నాన్నకి జాగ్రత్త ఎక్కువవుతోంది" అన్నారొకసారి. నాన్న నవ్వలేదు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. అప్పటినుంచి నేనే చెప్పడం మొదలుపెట్టాను. "సైకిలు నాన్నా." "బండొస్తోంది నాన్నా." ఊసుపోక చెబుతున్నట్టు చెప్పేదాన్ని. ఆయన ఊఁ అనేవాడు. నాకెందుకు చెబుతున్నావని ఒక్కసారీ అడగలేదు. మా ముగ్గురికీ తెలుసు, ముగ్గురం మాట్లాడుకోలేదు. ఆ ఇంట్లో భయం లేదు, బాధ లేదు. ఏదో దళసరి గుడ్డ కప్పినట్టు ఉండేది.

శ్రావణమాసంలో ఒక సాయంత్రం కొల్లూరు నుంచి వస్తున్నాం. లంకలోంచి పడవ మీద ఒడ్డుకు తెచ్చిన పిల్ల, తొలి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది. అక్కడ చెయ్యలేమని డాక్టరమ్మగారు కార్లో వేయించారు. వెనక సీట్లో ఆ పిల్ల, వాళ్ళమ్మ, మధ్యలో ఇరుక్కుని డాక్టరమ్మగారు. ఆ పిల్ల అరుపులకి నాకు చెవులు పనిచెయ్యడం మానేశాయి. సన్నటి జల్లు. "వెంకట్రావ్, తొందరగా పోవాలి" అన్నారావిడ. నాన్న ఎన్నాళ్ళకో వేగం పెంచాడు. జంపని దగ్గర చెరకు తోటలు రెండు పక్కలా రోడ్డుని ఇరుకు చేస్తాయి. అక్కడ నేను వెనక్కి తిరిగాను, ఆ పిల్ల తల కిందికి సంచీ జరపడానికి. మళ్ళీ ముందుకు తిరిగేసరికి ఎడమ పక్క, నా కిటికీకి బారెడు దూరంలో, నెత్తిమీద పచ్చగడ్డి మోపుతో ఒక ఆడమనిషి. ఆమె మొహం చూశాను. నోరు తెరిచే ఉంది. మోపు కారుకి రాసుకుని దబ్బున చప్పుడైంది.

"ఏంటమ్మాయ్ అది?" అన్నాడు నాన్న. రోడ్డు మీదే చూస్తున్నాడు, ఎడమకి తిరగనే లేదు.

"ఏంటి భారతీ?" అన్నారు డాక్టరమ్మగారు.

"తుమ్మకొమ్మండి" అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది మాట. వెనక అద్దంలోంచి చూస్తే రోడ్డు మార్జిన్లో పచ్చటి కుప్ప కనపడింది, మనిషి కనపడలేదు. కారు ఆగలేదు. తెనాలి చేరాం. గంటలో బిడ్డ పుట్టాడు, తల్లీ బిడ్డా క్షేమం. పిల్ల తల్లి నాన్న కాళ్ళకి దణ్ణం పెట్టబోతే ఆయన వెనక్కి జరిగాడు. నేను షెడ్డులోకి వెళ్ళి చూశాను. ఎడమ తలుపు హ్యాండిల్లో గడ్డిపోచలు ఇరుక్కుని ఉన్నాయి. ఒక్కొక్కటీ పీకి కాలవలో వేశాను. వేళ్ళకి పసరు వాసన. ఇంటికెళ్ళి అన్నం తిన్నాను. నిద్ర కూడా పట్టింది. దానికే ఇప్పటికీ ఆశ్చర్యం నాకు.

మర్నాడు ఒంట్లో బాగాలేదని చెప్పి బస్సెక్కి జంపనిలో దిగాను. నిన్న ఎవరికన్నా దెబ్బ తగిలిందా అని రోడ్డు మీద టీ బంకులో అడిగితే కోటమ్మ ఇల్లు చూపించారు. నడుమ ఒక్క గుంజ మీద నిలిచిన ఒంటి నిట్టాడి పాక. ఆమె అరుగు మీద కూర్చుని ఉంది, నలభై ఏళ్ళుంటాయేమో. కుడి మణికట్టుకి వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. బద్దల కింద చెయ్యి పొంగిన పూరీలా ఉబ్బింది.

"ఎవరమ్మా నువ్వు?" అంది.

"తెనాలి నించండి. నిన్న కార్లో ఉన్నానండి."

కాసేపు నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"కారు ఆగుద్దనుకున్నానమ్మా" అంది. "డాక్టరుగారి కారు కదా. ఆ డైవరు గేదెలొస్తేనే ఆపుతాడు. నన్ను చూళ్ళేదా ఏంటి?"

"చూళ్ళేదండి" అన్నాను.

"నిన్ను చూశాన్నేను. నువ్వు నన్ను చూశావు."

"చూశానండి."

నాట్లు మొదలయ్యాయి, ఈ చేత్తో నారు పట్టలేనంది. నాకు చెప్పినట్టు కాదు, చెయ్యికే చెప్పినట్టు.

తిరిగొచ్చి సరాసరి డాక్టరమ్మగారి గదిలోకి వెళ్ళి మొత్తం చెప్పాను. ఆవిడ చేతులు కడుక్కుంటున్నారు. చెప్పడం అయిపోయాక కూడా కడుక్కుంటూనే ఉన్నారు. "ఎన్నాళ్ళ నించి తెలుసు నీకు?" అన్నారు. ఎండాకాలం నించండి అన్నాను. "అంటే ఇన్నాళ్ళూ నన్ను ఆ కార్లో కూర్చోబెట్టావు. నిన్న ఆ లంక పిల్లని కూడా." ఆవిడ తువ్వాలు తీసుకుని తుడుచుకున్నారు. "కోటమ్మ సంగతి నేను చూస్తాను. మీ నాన్నకి మాత్రం నేను చెప్పను. నువ్వే చెప్పు. నాతో చెప్పావని కూడా చెప్పు" అన్నారు. గొంతులో కోపం లేదు. మందు రాసిచ్చేటప్పుడు ఎలా మాట్లాడతారో అలాగే.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి నాన్న అన్నానికి కూర్చున్నాడు. దోసకాయ పప్పు, వడియాలు. నేను ఎదురుగా కూర్చుని చెప్పాను. అమ్మ గరిటె గిన్నెలోనే వదిలేసి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"బతికే ఉందా ఆమె?" అన్నాడు.

"ఉంది నాన్నా. చెయ్యి విరిగింది."

"డాక్టరమ్మగారికి చెప్పావా?"

"చెప్పాను."

మజ్జిగ పోసుకున్నాడు. కలిపాడు. మెతుకు మిగల్చకుండా తిని, లేచి చెయ్యి కడుక్కున్నాడు. మర్నాడు పొద్దున ఎప్పట్లాగే టైర్లు తడిమి, కారు తుడిచి, తాళాలు తీసుకెళ్ళి డాక్టరమ్మగారి బల్ల మీద పెట్టాడు. ఆవిడే బలవంతాన గుంటూరు పంపించి కళ్ళు చూపించారు. ఎడమ కంట్లో నీటికాసులన్నారు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టుకోడానికి చుక్కలు వేసుకోవాలన్నారు. కోటమ్మని కూడా ఆవిడే గుంటూరు తీసుకెళ్ళి, ఎముక సరిచేయించి సిమెంటు కట్టు వేయించారు. కట్టు విప్పేదాకా ఇంటికి బియ్యం పంపించారు. అయినా రెండు వేళ్ళు పూర్తిగా మడత పడలేదట.

కొత్త డ్రైవరు ఒకతను వచ్చి నెల తిరక్కుండా మానేశాడు. అప్పుడు డాక్టరమ్మగారు నన్ను పిలిచి, "నువ్వు నేర్చుకోకూడదా?" అన్నారు. తెనాలిలో ఆడపిల్ల అద్దె కార్లో ఎక్కితేనే నలుగురూ తిరిగి చూసే రోజులు. అమ్మ వద్దంది. మేనత్త వచ్చి, దీనికిక పెళ్ళవుతుందా అని ఏడ్చి వెళ్ళింది. నాన్న మాత్రం, "నేర్పుతానని అమ్మగారితో చెప్పు" అన్నాడు. నేను అన్నం దగ్గర చెప్పిన రోజు తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది.

ఏడాది పాటు నేర్పాడు. ఆయన ఇప్పుడు ఎడమ సీట్లో, నేను స్టీరింగు దగ్గర. రోడ్డు గురించి తప్ప ఇంకో మాట మాట్లాడేవాడు కాదు. కొల్లూరు దారి దిగితే రేగడి నేల. వాన పడితే సబ్బు మీద నడిచినట్టే. అక్కడ బ్రేకు మీద కాలు పెడితే చేతి మీద చరిచేవాడు. "రెండో గేరు. గాడిలోనే పోనీ. తిప్పమాకు. బండి ఎటు పోతానంటే అటు కొంచెం పోనిచ్చి, అప్పుడు తెచ్చుకో." బాపట్లలో సముద్రం వైపు ఇసకలోకి తీసుకెళ్ళి, టైర్లు ఇసక మీద పరుచుకునేట్టు నాలుగింట్లోనూ గాలి కొంత తీయించేవాడు. ఇసకలో ఆగితే దిగబడతావు, గట్టి నేల వచ్చేదాకా ఆగొద్దనేవాడు. పైకొచ్చాక పంపు నా చేతికిచ్చి తాను సరుగుడు చెట్టు కింద కూర్చునేవాడు. నాలుగు టైర్లకీ గాలి నేనే కొట్టాలి. చేపల గంపలతో వచ్చే ఆడవాళ్ళు గంపలు దించి మరీ నన్ను చూసేవారు. "ఏంటయ్యా, పిల్ల చేత అంత చాకిరీ చేయిస్తన్నావు?" అని ఒకామె అడిగితే, "రేపు ఒక్కత్తే వస్తే ఎవరు కొడతారమ్మా?" అన్నాడు. నాతో అనలేదు, ఆమెతో అన్నాడు.

మంచు కాలంలో తెల్లవారాక సంగం జాగర్లమూడి కాలవ కట్ట మీదికి తీసుకెళ్ళేవాడు. కాలవ ఏదో రోడ్డేదో తెలిసేది కాదు. పెద్ద లైటు వేస్తే ఎదురుగా తెల్లగోడ లేచేది. "డిమ్ము వెయ్యి. అద్దం దించు. ఇంజను కట్టెయ్యి." కట్టేసి ఇద్దరం చెవులు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఎక్కడో ఎద్దుల మెడపట్టీ గంటలు, సైకిలు చైను గరగర. "ఎంత దూరం?" అనేవాడు. తప్పు చెబితే మళ్ళీ వినమనేవాడు. ముందు లారీ ఎర్ర లైటు పట్టుకుని పోవడం ఎంత తేలికైనా పోవద్దు, వాడు కాలవలోకి పోతే నువ్వూ పోతావన్నాడు. ఎండాకాలంలో తారు మెత్తబడే వేళకి బండి నీడకి చేర్చాలి, రేడియేటరు మూత తడిగుడ్డ వేసి కాసేపాగి విప్పాలి. నూర్పుళ్ళప్పుడు రోడ్డు మీద పరిచిన గడ్డి మీదినుంచి పోతే దిగి సైలెన్సరుకి చుట్టుకున్న పోచలు లాగెయ్యాలి, లేకపోతే అంటుకుంటాయి. వాన మొదలైన మొదటి పావుగంట అన్నిటికన్నా చెడ్డది, దుమ్మూ నూనే కలిసి తేలతాయి. నీళ్ళు దాటాక బ్రేకు రెండుసార్లు తొక్కి చూసుకోవాలి. అన్నీ అలా ఒకే గొంతుతో చెప్పేవాడు. మెచ్చుకోవడం లేదు, కసురుకోవడం లేదు. నేనూ అలాగే నేర్చుకున్నాను. నా మీద కోపమా అని అడగాలని ఉండేది. అడిగే చోటు ఆ మాటల మధ్య దొరికేది కాదు.

గుంటూరులో లైసెన్సిచ్చిన మరుసటి వానాకాలం. రేపల్లె నుంచి కష్టమైన కాన్పని కబురొస్తే బయల్దేరాం. నాన్న కూడా ముందు సీట్లో ఉన్నాడు. భట్టిప్రోలు దాటాక ఒకచోట రోడ్డు మీదినుంచి నీళ్ళు పారుతున్నాయి. ఒడ్డున నలుగురు మనుషులు నిలబడి చూస్తున్నారు, ఎవరూ దిగడం లేదు. "మోకాలి లోతే ఉంటాయి, పోనీ భారతీ" అన్నారు డాక్టరమ్మగారు. నేను దిగి చీర ఎగ్గట్టి నాలుగడుగులు వేశాను. అయిదో అడుగుకి కాలికింద రోడ్డు లేదు. వెనక్కొచ్చి, "వెళ్ళలేనండి" అన్నాను. "అక్కడ మనిషి చచ్చిపోతుంది" అన్నారావిడ. "తెలుసండి. నేను పోనివ్వను" అన్నాను. ఆవిడ నాన్న వైపు చూశారు. నాన్న ముందుకే చూస్తూ కూర్చున్నాడు. బండి తిప్పాను. రేపల్లెలో ఆ మనిషి మర్నాడు పోయింది. ఆ సంగతి నాతో చెప్పి డాక్టరమ్మగారు రోగుల్ని చూడ్డానికి వెళ్ళారు. ఆ రోజు ఆ రోడ్డు గండిపడిన చోటు ఇప్పుడు ఎత్తయిన వంతెన. మొన్న దాని మీదినుంచి వస్తుంటే పది క్షణాలు కూడా పట్టలేదు. రోడ్లు బాగుపడ్డాయి, బళ్ళు బాగుపడ్డాయి. చలిగాలి, పాట, దారి చెప్పే గొంతు అన్నీ కారులోనే ఉంటాయి. ఆగడం ఎప్పుడో మాత్రం ఇప్పటికీ మనిషే తేల్చుకోవాలి. తేల్చుకుంటే తర్వాత దాన్ని మోసుకు తిరగాలి. నేను రెండు రకాలుగానూ మోశాను, ఆపనందుకూ ఆపినందుకూ. బరువులో తేడా ఉంటుందనుకున్నాను. నాకైతే తెలియలేదు.

ఆ గండి దగ్గర బండి తిప్పిన వారానికి నాన్న తనంతట తనే, "జంపని పోదాం" అన్నాడు. డాక్టరమ్మగారిని అడిగి కారు తీశాను. కోటమ్మ ఇంటి ముందు ఆపాను. నాన్న దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అప్పటికి కుడికంటి చూపు కూడా సన్నగిల్లింది. కోటమ్మ గేదెకి కుడితి పెడుతోంది. వచ్చిందెవరో చెప్పాను. ఆమె చెయ్యి కొంగుకి తుడుచుకుని వచ్చింది.

"చెయ్యేదమ్మా?" అన్నాడు నాన్న.

ఆమె నా వైపు చూసి చెయ్యి చాపింది. పొద్దున్నే టైరు తడిమినట్టు ఆయన రెండు చేతుల్తో ఆ మణికట్టుని తడిమాడు.

"వేళ్ళు మడువు."

"రెండు వేళ్ళు రావయ్యా."

"నువ్వు నాకు కనపళ్ళేదు" అన్నాడు. "ఎడం పక్క కనపట్టం లేదని నాకు ముందే తెలుసు. తెలిసే నడిపాను."

కోటమ్మ ఏమంటుందోనని చూశాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఇప్పుడెవరు నడుపుతున్నారు?" అంది చివరికి.

"మా అమ్మాయి."

"ఆపుద్దా?"

"ఆపుద్ది" అన్నాడు నాన్న. "మొన్న డాక్టరమ్మగారు పొమ్మన్నా ఆపింది."

కోటమ్మ ఊఁ అంది. క్షమించానని ఆమె అనలేదు, క్షమించమని నాన్న అడగలేదు. గేదె కుడితి తొట్టి తన్నితే ఆమె అటు వెళ్ళింది. మేము కారెక్కాం.

తెనాలి దారిలో వాన పట్టుకుంది. ఎడ్ల బళ్ళు వరసగా ఎదురొస్తున్నాయి. లైట్లు వేశాను, వేగం తగ్గించాను. ఇప్పుడేదో అంటాడని ఎదురుచూశాను, రెండో గేరనో, ఎడమ మార్జిను చూసుకోమనో. ఊళ్ళోకి వచ్చేముందు రైలు గేటు వేసి ఉంది. ఆపి ఇటు తిరిగి చూస్తే నాన్న నిద్రపోతున్నాడు. తల తలుపుకి ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని. ఎంత దూరం పోయినా కార్లో ఆయన కునుకు తియ్యడం నేనెన్నడూ చూడలేదు. రైలు వెళ్ళింది. గేటు లేచింది. వెనక లారీవాడు హారను కొట్టాడు. నాన్న నిద్ర చెదరలేదు. కుదుపు లేకుండా క్లచ్చి వదిలి, పట్టాలు ఒక్కొక్కటే దాటించాను.